బ్రేకు లీవర్లు, ఉద్దానం, మా బావమరిది

శ్రీకాకుళం వైపు ఉద్దానం వెళ్ళొచ్చి మూడు నెలలైంది. అటు వెళ్ళొచ్చినవాళ్ళు కొబ్బరితోటల గురించీ సముద్రం గురించీ చెబుతారు. నేను వెళ్ళింది బ్రేకు లీవర్ల కోసం. తోటలూ సముద్రమూ దారిలో తగిలాయి.

ఏలూరులో నాది సైకిలు సామాన్ల దుకాణం. ఈ నాలుగైదేళ్ళలో కుర్రాళ్ళు నల్ల సైకిళ్ళు మానేసి, లావు టైర్లూ తిన్నని హ్యాండిలూ ఉండే ఎంటీబీ సైకిళ్ళ మీద పడ్డారు. కొండలెక్కడానికి చేసిన బండట అది. మా ఊళ్ళో ఎక్కడానికి కాలువ వంతెనలు తప్ప ఏమీ లేవు. దాని బ్రేకు లీవర్లు, అంటే వేళ్ళతో నొక్కే ఆ మీటలు, తక్కువ ధరలో మూడు రకాలొస్తున్నాయి. ఒకటి రేకుది. ఒకటి తెల్లగా మెరిసే అల్యూమినియంది. మూడోది కొత్తది: లోపల పోత లోహం, పైన నల్ల ప్లాస్టిక్కు తొడుగు. చూపుకి అదే ఖరీదైనదానిలా ఉంటుంది. ఏడాదికి సరిపడా ఒకేసారి తెప్పిద్దామనుకుని, ఏది తెప్పించాలో తేల్చుకోలేకపోయాను. సరుకు వేసే ఏజెంటు, "టెక్కలి, పలాస, కవిటి వైపు వెళ్ళి తొక్కేవాళ్ళనే అడగండి. ఆ ఉప్పుగాలికీ ఇసకకీ నిలిచిన లీవరు ఎక్కడైనా నిలుస్తుంది" అన్నాడు.

ఒక్కణ్ణే వెళ్దామనుకున్నాను. మా ఆవిడ తమ్ముడు శీను నేనూ వస్తానన్నాడు. కోర్టులో టైపిస్టు, వేసవి సెలవుల్లో ఉన్నాడు. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. స్పానరు ఎటువైపు పట్టుకోవాలో తెలీదు. ఈ ప్రయాణం పొడుగునా నాకు వాడి మీద అసూయగానే ఉంది. ముందే ఒప్పేసుకుంటే మిగతాది రాయడం తేలిక.

టెక్కలి

రెండు ఎంటీబీలు బస్సు మీద కట్టించుకుని వెళ్ళాం. నా బండికి అల్యూమినియం లీవర్లు, శీను బండికి నల్లవి బిగించాను. సంచిలో రేకువి, ఇంకా కొన్ని విడిభాగాలు. చేతిలో నోటుబుక్కు. ఏయే ప్రశ్నలు అడగాలో ఏలూరులోనే రాసుకున్నాను.

బస్టాండు ఎదురుగా టీ కొట్టు దగ్గర పేపర్లు పంచే అప్పన్న దొరికాడు. నలభై ఏళ్ళుంటాయి. తెల్లారకముందే పేపర్లు వేసేసి, ఎంటీబీని గోడకి చేర్చి టీ తాగుతున్నాడు. నా అదృష్టం అనుకుని నోటుబుక్కు తెరిచాను.

"మీ బండికి ఏ రకం లీవరు? ఎన్నాళ్ళయింది వేయించి? పట్టు ఎలా ఉంది?"

"బాగానే ఉన్నాది బాబూ" అన్నాడు. అన్నిటికీ కలిపి అదొక్కటే జవాబు.

శీను గ్లాసు తీసుకుని అప్పన్న పక్కన బల్ల మీద కూర్చున్నాడు. ఇక్కడి టీ గ్లాసు మా ఊరి దాంట్లో సగముంటుంది, చక్కెర మాత్రం రెట్టింపు. "రోజూ మూడింటికి లేవాలంటే చిరాకుగా ఉండదా?" అని అడిగాడు. అంతే. అప్పన్న నవ్వాడు. లేవడం గురించీ, ఇల్లాలు తిట్టడం గురించీ, కుక్కల గురించీ చెప్పాడు. కుక్కల నుంచి బ్రేకు దగ్గరికి తనే వచ్చాడు.

"కుక్క అడ్డొచ్చినప్పుడు నల్ల లీవరు గభాల్న పట్టేత్తాది బావా. బండి ఆగుతాది గానీ పేపర్లన్నీ ఎగిరి రోడ్డు మీద పడతాయి. నాకు నెమ్మదిగా పట్టేది కావాల. అందుకే రేకుదే ఏయించుకున్నాను."

నేను 'బాబూ'. నిన్నటిదాకా ముఖమైనా తెలియని శీను 'బావా'. ఇక్కడ అందరూ అందర్నీ బావా, మావా అనే పిలుచుకుంటారని తర్వాత తెలిసింది. నన్నొక్కణ్ణే ఎందుకు పిలవరో మాత్రం తెలియలేదు.

సంతబొమ్మాళి దారిలో ఉప్పుమళ్ళు

మధ్యాహ్నానికి ఉప్పుమళ్ళ వైపు వెళ్ళాం. నీళ్ళు కట్టిన మడులు, గట్ల మీద తెల్లటి కుప్పలు, కళ్ళు తెరవనివ్వని ఎండ. గట్టు మీద పడుకోబెట్టిన సైకిళ్ళన్నీ ఒకే రంగు, తుప్పు రంగు. అక్కడ పనిచేసే సింహాచలం అనే పెద్దాయన బండి లీవర్లకి పాత ట్యూబు ముక్కలు చుట్టి ఉన్నాయి. నేను ఆ లీవరు పట్టుకుని చూస్తున్నాను. శీను ఆయన చెప్పులు చూశాడు.

"పాదాలు మండవా పెద్దాయనా?"

ఆయన పార పక్కన పెట్టేశాడు. తన పాదాలు చూపించాడు. శీను గట్టు మీదే గొంతుక్కూర్చుని విన్నాడు. అరగంట తర్వాత లీవర్ల మాట వచ్చింది.

"రేకుది తుప్పట్టితే పైకి కనిపిత్తాది. మార్సేత్తాం. తెల్లది పైకి బాగుంటాది, లోపల పిన్ను కాడ తెల్లగా పిండిలాగ కడతాది. ఓ రోజు నొక్కితే నొక్కినట్టే ఉండిపోతాది, ఎనక్కి రాదు. పైకి బాగున్నదాన్ని నమ్మకూడదు బావా."

అల్యూమినియం ఉప్పుకి పిండి కడుతుందని నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళుగా అమ్ముతున్నాను. ఆ సంగతి నేను రాసుకుంటుంటే ఆయన నా వైపు చూడలేదు, శీనుకి చెబుతూనే ఉన్నాడు. రాసుకున్న కాగితం మీద ఆ మాట నాకు పరాయిదిలా కనిపించింది.

పలాస

రెండో రోజు పలాసలో. వీధంతా కాలిన జీడిపిక్కల వాసన. జీడిపప్పు ధర మా ఊరితో పోలిస్తే నాకు ముచ్చటేసింది. మా ఆవిడ కోసం రెండు కిలోలు కొన్నాను. శీను కొనలేదు. కొనాల్సిన అవసరం లేదని మధ్యాహ్నానికే తేలింది.

జీడిపప్పు ఒలిచే షెడ్డు నుంచి ఆడవాళ్ళు భోజనాలకి బయటికొస్తున్నారు. జీడి పాలు పడి వేళ్ళ చివర్లు నల్లగా ఉన్నాయి. వాళ్ళలో నరసమ్మ అనే ఆవిడ ఎంటీబీ నడిపించుకుంటూ వచ్చింది. భర్త బండి. అతను విశాఖ పనికి వెళ్ళినప్పటి నుంచీ తనే తొక్కుతోందట. మా ఏలూరులో ఆ వయసు ఆడవాళ్ళు సైకిలెక్కడం నేను చూడలేదు.

ఎప్పటిలా నేను అడిగాను, ఎప్పటిలా "బాగానే ఉన్నాదండి" అంది. శీను ఆ బండి హ్యాండిలు మీద చెయ్యి పెట్టి, "మీ వేళ్ళకి అందుతోందా ఇది?" అన్నాడు.

"ఏటందుతాది తమ్ముడా? మగోళ్ళ సేతికి సేసిన బ్రేకు. రెండు వేళ్ళు ఆనతాయి, అంతే. దిగుడు వత్తే కాళ్ళు నేల మీద ఈడుత్తాను."

శీను జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీశాడు. లీవరు మొదట్లో చిన్న మర ఒకటుంటుంది. దాన్ని లోపలికి తిప్పితే లీవరు హ్యాండిలుకి దగ్గరవుతుంది. దాని సంగతి చాలామందికి తెలీదు. శీనుకీ ముందురోజు సాయంత్రం దాకా తెలీదు. లాడ్జిలో నేనే చూపించాను. ఆ స్క్రూడ్రైవరు కూడా నాదే. నాలుగు మెలికలు తిప్పాడు. నరసమ్మ నొక్కి చూసింది. నాలుగు వేళ్ళూ ఆనాయి. బండెక్కి ఒక చుట్టు తిరిగొచ్చి, కాళ్ళు నేలకి ఆన్చకుండా బ్రేకుతో ఆపింది. తోటివాళ్ళంతా కేకలు పెట్టారు.

"ఇన్నాళ్ళూ ఎవులూ సెప్పలేదు సూడు! నువ్వు ఏ కాలేజీలో సదివేవు తమ్ముడా?"

"మా బావ దగ్గర" అన్నాడు శీను, నన్ను చూపిస్తూ. నిజం చెప్పాడు. నాకు ఇంకా మండింది. వాడు చెప్పినందుకే వాళ్ళు నన్ను చూశారు. చూసి, మళ్ళీ వాడి వైపు తిరిగారు. షెడ్డు యజమాని కూడా బయటికొచ్చి నవ్వి, శీనుకి కిలో పప్పు పొట్లం ఇచ్చాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

శీనుకి సెల్‌ఫోను ఉంది. నాకు లేదు. నరసమ్మ వాడి నంబరు చీటీ మీద రాయించుకుంది.

ఆ సాయంత్రం నేను తలనొప్పని చెప్పి భోజనానికి వెళ్ళలేదు.

కవిటి

మూడో రోజు సోంపేట మీదుగా కవిటి. రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరి, దాని కింద జీడి, మధ్యలో పనస. ఎండ నేల మీద పడనే పడదు. టీ కొట్లో ఒక మాట తెలుగు, ఒక మాట ఒడియా. బొండాం మూడు రూపాయలు. మా ఊళ్ళో ఎనిమిది. మధ్యాహ్నం ఒక ఇంటి అరుగు మీద పనసకాయ కూరతో భోజనం పెట్టారు. ఎవరి ఇల్లో అడక్కండి, శీను సంపాదించిన ఇల్లు.

భోజనం అయ్యాక తోటలో కాయలు దింపుతున్నారంటే శీను చూడ్డానికి వెళ్ళాడు, బండి నా దగ్గర వదిలి. నేను రోడ్డు పక్కన సైకిలు రిపేరు పాక కనిపిస్తే రెండు బండ్లూ నడిపించుకుంటూ వెళ్ళాను.

మెకానిక్కు పేరు త్రినాథ. యాభై దాటినట్టున్నాడు కానీ నలభై రెండేనట. ముఖం ఉబ్బి, చేతులు సన్నబడి ఉన్నాయి. కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు రక్తం శుభ్రం చేయించుకోవడానికి వెళ్తాడు. మా ఊళ్ళో ఎవరైనా షుగరుందని ఎలా చెబుతారో అలా చెప్పాడు. "మా నీళ్ళు తాగకండి బాబూ, బొండాం తాగండి. ఏ నీళ్ళ వల్ల వత్తందో ఎవులికీ తెలీదు. తెలిసేదాకా బొండాం నయం."

ఎక్కువసేపు నిలబడలేడు. పీట మీద కూర్చుని, నేను అడగకుండానే రెండు బండ్లూ తిప్పి తిప్పి చూశాడు. నా ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాడు. లీవరు కంటే వైరు ముఖ్యమన్నాడు. వర్షాకాలం ముందు వైరు మార్చి, పిన్నుకి ఒక చుక్క నూనె వేస్తే రేకుదైనా రెండేళ్ళు ఆడుతుందన్నాడు. నేను నాలుగు పేజీలు రాసుకున్నాను. ఈ మూడు రోజుల్లో మొదటిసారి ఒక మనిషి నా కళ్ళలోకి చూస్తూ మాట్లాడాడు. పనివాడికీ పనివాడికీ మధ్య నడిచే మాట అది. అందులో శీను లేడు.

అప్పుడు ఆయన శీను బండి కుడి లీవరు దగ్గరికి వంగాడు. ప్లాస్టిక్కు తొడుగు కొంచెం వెనక్కి లాగాడు.

"ఇది సూడండి బాబూ."

పిన్ను దూరే చోట, పోత లోహం మీద, వెంట్రుకలాంటి గీత.

"పగులు. ఈ నల్లోటికి ఇక్కడే వత్తాది. నాను మూడు సూసినాను. ఇయాల ఆడుతాది, రేపు ఆడుతాది, ఎల్లుండి సెప్పలేం. గట్టిగా నొక్కిన రోజు సేతిలోకి ఊడొచ్చేత్తాది. ఇప్పుడే మార్సేత్తాను, బేగి అయిపోతాది. సామానుందా?"

ఉంది. సంచిలో రేకు లీవర్లు నాలుగున్నాయి. పది నిమిషాల పని.

"వద్దులెండి. సాయంత్రం నేనే మారుస్తాను" అన్నాను.

ఎందుకలా అన్నానో ఆ క్షణంలోనే నాకు తెలుసు. ఇప్పుడు మార్చడం మొదలుపెడితే శీను వచ్చేస్తాడు. వచ్చి ఈ పీట పక్కన కూర్చుంటాడు. ఆ ఉబ్బిన ముఖం చూసి ఏదో అడుగుతాడు. ఐదు నిమిషాల్లో త్రినాథ వాడి మనిషైపోతాడు. ఇంకోటి కూడా ఉంది. ఈ పగులు సంగతి ఈ ప్రయాణం మొత్తంలో నాకొక్కడికే దొరికిన మాట. సాయంత్రం బారువలో, అందరూ ఉండగా, తొడుగు లాగి చూపించి చెప్పాలనుకున్నాను. అప్పుడు శీను నోరు తెరుచుకుని వింటాడు.

"మరిసిపోకండి" అన్నాడు త్రినాథ. కూలి తీసుకోలేదు.

బారువ

బారువ చేరేసరికి పొద్దు వాలుతోంది. ఒడ్డున పడవలు, ఆరేసిన వలలు, ఇసక మీద పరిచిన నెత్తళ్ళ చేపల వాసన. ఎర్రయ్య అనే ఆయన సైకిలు మీద చేపల బుట్ట కట్టుకుంటున్నాడు, సోంపేటకి వెళ్ళడానికి.

"లీవరా? ఇసకలో బ్రేకెందుకు బాబూ, బండి దానికదే ఆగుతాది" అని నవ్వాడు. నేనూ నవ్వబోయాను. ఈలోగా ఒడ్డున పడవని పైకి లాగుతూ మనిషి చాలక కేకేశారు. శీను చెప్పులు విప్పి పరిగెత్తాడు. తాడు పట్టుకుని వాళ్ళతో పాటు అరుస్తూ లాగాడు. పడవ పైకొచ్చాక వాడి చుట్టూ పది మంది. ఒకావిడ వేయించిన చేపలు ఆకులో పెట్టి తెచ్చింది. శీను నాకు కూడా తెచ్చిచ్చాడు. వేడిగా, కారంగా, నేను తిన్న చేపలన్నిటికంటే బాగున్నాయి. ఆ మాట వాడితో అనలేదు.

చెప్పడానికి అదే సమయం. సంచి నా భుజానే ఉంది. పది మందీ ఉన్నారు. కానీ వాళ్ళు శీను అరిచిన అరుపుని అనుకరిస్తూ పడి పడి నవ్వుతున్నారు. ఆ నవ్వుల మధ్య పగులు మాట తీస్తే ఎవరు వింటారు? రేపు చెబుదాం అనుకున్నాను. రేపు కూడా ఆడుతుందని త్రినాథ అన్నాడు కదా.

సోంపేట రోడ్డు

పొద్దున్నే బయల్దేరాం. శీను ముందు, నేను వెనక. ఒక చిన్న వంతెన ఎక్కి దిగుతున్నాం. గాలికి కొట్టుకొచ్చిన ఇసక రోడ్డు అంచున పరుచుకుని ఉంది. తోటలోంచి కొబ్బరి పీచు డొక్కల ఎడ్లబండి ఒకటి అడ్డంగా రోడ్డెక్కింది.

టప్పుమని చప్పుడు విన్నాను. చప్పుడు వినగానే అదేమిటో నాకు తెలిసిపోయింది. శీను కుడిచేయి లీవరుతో సహా గాల్లోకి లేచింది. ఎడమ లీవరు నొక్కాడు; వెనక చక్రం ఇసక మీద పక్కకి జారింది. ఎడ్లబండి చక్రానికి తగలకుండా పక్కకి పడ్డాడు, కుడిచేయి కింద పెట్టి.

నేను చేరేసరికి గడ్డం చీరుకుపోయి రక్తం కారుతోంది. మణికట్టు వంగకూడని వైపు వంగి ఉంది. ఎడ్లబండి తోలే ముసలాయన దిగి తలబాదుకున్నాడు. "నాదే తప్పు నాయనా, సూసుకోకుండా ఎక్కించేసినాను."

"నీది కాదు మావా" అన్నాడు శీను, పళ్ళు బిగించి. తర్వాత నా వైపు తిరిగి, "నాదే బావా. మరీ గట్టిగా నొక్కేశాను. నీ లీవరు మంచిదే. నాకే పట్టుకోవడం రాదు. ఈ ఒక్కటీ చూసి ఆ రకం మానెయ్యకు" అన్నాడు.

ఆటోలో సోంపేట ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారి పొడుగునా వాడి తల నా ఒళ్ళో ఉంది. ముసలాయన తన ఎడ్లబండిని మా సైకిళ్ళతో సహా ఎవరికో అప్పగించి మాతోనే వచ్చాడు, మాటిమాటికీ దండం పెడుతూ. డాక్టరు ఎముక సరిచేస్తున్నప్పుడు శీను ఒక్కసారే అరిచాడు. గడ్డానికి ఐదు కుట్లు పడ్డాయి.

కట్టు ఆరుతుండగా బల్ల మీద వాడి పక్కన కూర్చున్నాను. ముసలాయన గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని ఉన్నాడు. వాడు నన్ను మంచివాడనుకుంటున్నాడు, ముసలాయన తన తప్పనుకుంటున్నాడు. నేను నోరు మూసుకుంటే అలాగే ఉండిపోతుంది.

"శీనూ, ఆ లీవరు పగిలుందని నాకు నిన్ననే తెలుసు."

వాడికి అర్థం కాలేదు. త్రినాథ చూపించిన గీత గురించి చెప్పాను. మారుస్తానంటే వద్దన్నానని చెప్పాను.

"ఎందుకు బావా?"

"అది నాకొక్కడికే చెప్పాడు. నీకు చెప్పేస్తే అది కూడా నీదైపోతుందనిపించింది."

శీను కట్టు కేసి చూసుకున్నాడు. "చెప్పుంటే మార్చుకునేవాణ్ణి కదా" అన్నాడు మెల్లగా. నేను గుమ్మం దగ్గరికెళ్ళి ముసలాయనకి కూడా చెప్పాను, తప్పు ఆయనది కాదని. ఆయన నన్నొకసారి, శీనునొకసారి చూసి, పైగుడ్డ దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు.

తిరుగు రైలు

పలాసలో రైలెక్కాం. సైకిళ్ళు సామాన్ల పెట్టెలో వేయించాను. ఆసుపత్రి నుంచి స్టేషను దాకా శీను నాతో మాట్లాడలేదు. నీళ్ళిస్తే తాగాడు, పండు ఒలిచిస్తే తిన్నాడు. ఎవరితోనైనా మాట్లాడే మనిషి నాతో మాట్లాడకపోతే ఎలా ఉంటుందో అప్పుడు చూశాను.

రైలు కదిలిన కాసేపటికే ఎదుటి సీటు ఆయనతో మాటలు కలిశాయి. ఆయనకి విజయనగరంలో ఫ్యాన్సీ కొట్టుందట. పక్కన భార్య, కిటికీ దగ్గర ఒక కాలేజీ కుర్రాడు, పైబెర్తు మీంచి తల వంచి వింటున్న జవాను. శీను ఎడంచేత్తో బారువ పడవ ఎలా లాగారో చూపిస్తున్నాడు. అందరూ నవ్వుతున్నారు. నేను నడవ అవతలి సీట్లో కూర్చుని కిటికీలోంచి తోటలు చూస్తూ, ఇంత జరిగాక కూడా, ఆ నవ్వులకి కుళ్ళుకున్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?

"ఇంతకీ చెయ్యి ఎలా విరిగింది బాబూ?" అని అడిగింది కొట్టు యజమాని భార్య.

శీను నవ్వు ఆపాడు. తల నా వైపు తిప్పాడు. ఆసుపత్రి తర్వాత నా ముఖం చూడడం అదే మొదటిసారి.

"సైకిలు బ్రేకు లీవరు విరిగిందండి. దాని సంగతంతా మా బావగారికి తెలుసు. ఆయన్నడగండి."

నలుగురూ నా వైపు తిరిగారు. జవాను ఇంకొంచెం కిందికి వంగాడు. ఆవిడ ఒడిలోని పల్లీల పొట్లం మడిచి పక్కన పెట్టింది. నాలుగు రోజులుగా నేను కోరుకున్నది ఇదే, ఇంతమంది నా నోటి వంక చూడడం.

నోటుబుక్కు తెరవలేదు. పగులు ఎక్కడుందో, ఎవరు చూపించారో, నేనేమన్నానో, ఎందుకన్నానో మొదట్నుంచీ చెప్పాను. ఎవరూ మధ్యలో అడ్డు రాలేదు. చెప్పడం అయిపోయాక శీను తన సీట్లో కొద్దిగా జరిగి, పక్కన నాకు చోటిచ్చాడు.